నా చెయ్యి మంచిది కాదన్న సేటు

మెట్‌పల్లి బస్టాండు వెనక నాకు కంప్యూటర్ మీద పెండ్లి పత్రికలు చేసిచ్చే చిన్న దుకాణం ఉండేది. భర్త పోయినాక అదే నా బతుకు. తొంభైల చివర్లో ఒక ఏడు, మాఘమాసం గిరాకీకి ముందు, మెషిన్ మరీ నెమ్మదిస్తోందని మెమొరీ పెంచించాను. కరీంనగర్‌లో కంప్యూటర్లు అమ్మే సేటు స్వయంగా వచ్చి, పాత మెమొరీ పట్టీ పక్కన కొత్తదొకటి బిగించి పోయాడు.

అప్పటినుంచి పట్టుకుంది శని. అక్షరాలు కొట్టినంతసేపు మెషిన్ బుద్ధిగా ఉండేది. పత్రిక పైన వినాయకుడి బొమ్మ పెట్టగానే తెర నీలమయ్యేది, చేసిందంతా పోయేది. ఎదురుగా కూర్చున్న పెండ్లివారి ముఖాలు మాడిపోయేవి. పెండ్లి పత్రికలో వినాయకుడే నిలవకపోతే ఎవరికైనా గుబులు కాదా?

కబురు పంపితే సేటు వచ్చాడు. ఆ రోజు దుకాణం నిండా పత్రికలకు వచ్చినవాళ్ళే. డబ్బా మూత కూడా విప్పకుండా, అందరూ వింటుండగా అన్నాడు: "మెషిన్ల ఏం లేదమ్మా. ముట్టే చెయ్యి మంచిగుండాలె."

విధవ చెయ్యి అని విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ మాట కోరుట్ల దాకా పాకింది. మాఘమాసం గిరాకీ మొత్తం పక్క వీధి ప్రెస్సుకు మళ్ళింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

పని లేని ఆ తీరికలో మూత నేనే విప్పాను. పట్టీల అంచున మెరిసే గీతలను పెన్సిలు రబ్బరుతో రుద్ది పెట్టాను. నీలి తెరే. కొత్తదాన్ని ఖాళీగా ఉన్న ఇంకో గాడిలో పెట్టాను. నీలి తెరే. కొత్తది తీసేసి పాతదొక్కటే ఉంచితే, నింపాదిగానైనా వినాయకుడు వచ్చి కూర్చున్నాడు. పాతది తీసి కొత్తదొక్కటే పెడితే మెషిన్ లేవనే లేదు. అక్షరాలు పాతదాంట్లోనే సర్దుకునేవి. బొమ్మకు చోటు చాలక కొత్తదాని మీదికి పోగానే కూలిపోయేది.

సేటుకు చెబితే పట్టీ మార్చి ఇచ్చేవాడే. పట్టీ మారితే నా చెయ్యి మారుతుందా? నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే మింగించాలి. ఆ చెడిపోయిన పట్టీని గుడ్డలో చుట్టి దాచాను.

వైశాఖంలో దొరికాడు. సేటు తన బిడ్డను మా పక్క ఊరి రైతు కొడుక్కు ఇస్తున్నాడు. ఆ రైతు పెద్దబిడ్డ పత్రిక నేనే చేశాను. బిడ్డ సంసారం చల్లగా ఉంది, ఈ పత్రికా అక్కడే కావాలన్నాడట. వియ్యంకుడి మాటకు సేటు ఎదురు చెప్పలేకపోయాడు. మంచి ఘడియలో మొదటి పత్రిక తీస్తామని కబురొచ్చింది. ఆ పొద్దున నేను గుడ్డ విప్పి, పట్టీని మళ్ళీ దాని చోట బిగించాను.

చుట్టాలతో దుకాణం నిండింది. నేను కుర్చీలోంచి లేచాను.

"సేటూ, నా చెయ్యి మంచిగ లేదంటివి గదా. శుభకార్యం. నువ్వే కొట్టు."

తప్పించుకునే దారి లేక కూర్చున్నాడు. పేర్లు, ముహూర్తం కొట్టాడు. వినాయకుణ్ణి పెట్టాడు. తెర నీలమైంది. మళ్ళీ మొదటినుంచి కొట్టాడు, మళ్ళీ అంతే. ఘడియ దాటుతోందని వియ్యంకుడు గొణిగాడు. ఇప్పుడు ఎవరి చెయ్యి బాగాలేనట్టని అడిగాను. కారుతున్న ఆయన చెమట చూస్తుంటే నాకు కడుపు నిండింది.

చివరికి స్విచ్ ఆపి, మూత విప్పి, ఆ పట్టీ పీకాడు. అదేమిటని వియ్యంకుడు అడిగాడు. సేటు మూత బిగించబోయాడు. చెప్పేదాకా మెషిన్ మళ్ళీ వెయ్యనని నేను అడ్డం నిలబడ్డాను.

"నేనేసిన మెమొరీనే ఖరాబున్నది," అన్నాడు తల వంచుకొని. "ఆమె చేతిల ఏం లేదు."

మొదటి పత్రిక నేనే తీశాను. నాలుగు మూలలా పసుపు కూడా నేనే పెట్టాను. వియ్యంకుడు చూస్తుండగా సేటు రెండు చేతులూ చాచి దాన్ని నా చేతినుంచి అందుకున్నాడు. గడప దిగుతూ, "ఏమనుకోకమ్మా," అన్నాడు.

ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను.