హుసేన్‌బీ ఎడమచేతి కీబోర్డు

ఒక్క పూటలో నాలుగు కీబోర్డులను నాశనం చేసిన మనిషిని మీరు చూసి ఉండరు. ఆ మనిషి నేనే. అదీ ఊరికే కాదు, టీచరునై కూర్చుని మరీ చేశాను. నాకు సంతకం తప్ప రాత రాదు కాబట్టి నేను చెబుతుంటే మా పాప రాస్తోంది. మధ్యలో నవ్వి ఏదైనా వదిలేస్తే ఆ పాపం ఆమెదే.

మాది ఎమ్మిగనూరు. మా ఆయన పోయినాక మగ్గం నేనే నేస్తున్నాను. పక్కింటి హుసేన్‌బీ ఆదోనిలో పత్తి మిల్లుకు పోయేది. అక్కడ మిషన్‌లో పడి ఆమె కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. మేనేజరు మంచోడే. "సోమవారం వచ్చి బేళ్ల బరువులు కంప్యూటర్‌లో కొట్టి చూపించమ్మా, ఆ కుర్చీ నీకే" అన్నాడు. కానీ మామూలు కీబోర్డు మీద ఆమె ఎడమచేత్తో ఒక బేలు కొట్టేలోపు దాన్ని ఎక్కించుకున్న లారీ గుంతకల్లు దాటిపోతుంది.

మా పాప ఎలక్ట్రానిక్స్ చదువుతోంది. హుసేన్‌బీ ఎడమచేతిని కాగితం మీద పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీసింది. వేళ్ల కింద అంకెల బటన్లు, బొటనవేలి కింద పెద్ద ఎంటర్ బటను. ఆ బొమ్మ కంపెనీకి పంపితే పచ్చటి సర్క్యూట్ పలకలు ఐదు వచ్చాయి. ఐదుకు తక్కువ చెయ్యరట. సీసం కరిగించి అతికించడం నాకు ముందే నేర్పింది కదా, శనివారం హాస్టల్ నుంచి ఫోన్ చేసి, "మా, నాకు పరీక్ష ఉంది, రేపు వస్తా. బటన్లు నువ్వు అతికించు. అక్షరాలుండేదే ముఖం, మర్సిపోవద్దు" అని చెప్పింది.

నేనెందుకు మరిచిపోతాను? ఐదు పలకలకు ఒక్కదాన్నే ఎందుకని ఈరమ్మను, ఇంకో ఇద్దరు నేతగత్తెలను, హుసేన్‌బీని పిలిచి పాఠం మొదలుపెట్టాను.

"ఈ రాగి గీతలు కాలువలు. కరెంటు నీళ్లు. బటను మడవ. నొక్కితే తెరుచుకుని నీళ్లు పారతాయి."

"మరి చేను యాడుంది?" అంది ఈరమ్మ.

"కంప్యూటరే చేను. మాట్లాడకుండా సీసం పట్టు."

"పలక ముఖం యా పక్కకు పెట్టాలప్పా?" అంది మళ్లీ.

ఇక్కడే నా తెలివి చూడండి. మా మగ్గం మీద బట్ట ముఖం కిందికి ఉంటుంది. రోజంతా మేము చూసేది దాని వెనకనే. "ముఖం కిందికే కదా, ఇంకేముంది" అన్నాను. ముగ్గురు నేతగత్తెలూ తలలూపారు. ఆ నాలుగు కాళ్ల బటన్లు కూడా మేకల్లాంటివి, ఏ వైపు నుంచి తోసినా పలక చిల్లుల్లోకి దూరిపోయాయి.

"అక్కా, నా సెయ్యి..." అని హుసేన్‌బీ ఏదో అనబోయింది.

"సెయ్యి తర్వాత, ముందు సెప్పింది సెయ్యి" అన్నాను. పాపం, కుడిచేతి రెండు వేళ్లతో సీసం, ఎడమచేత్తో సీసం కరిగించే కడ్డీ పట్టుకుని, పని ముగించి, తన పలకను కొంగులో చుట్టుకుని ఇంటికి పోయింది.

మర్నాడు పాప వచ్చింది. నా పలకకు చిప్పు పెట్టి, దాని మీద తన ఎడమచేయి ఆనించింది. బొటనవేలు గాలిలో వేలాడింది. పెద్ద బటను చిటికెన వేలి కిందికి వచ్చింది. పాప పలకను తిప్పింది, మళ్లీ తిప్పింది.

"మా, దీని ముఖం యాడ?"

"కింద ఉంది, ఉండాల్సిన తావులోనే."

"ఎవురు సెప్పినారు?"

"మగ్గం సెప్పింది."

పాప తల పట్టుకుంది. "ఇది కుడిచేతి కీబోర్డు అయిపోయింది మా."

మూడు వేళ్లు లేని చేతికి ఐదు వేళ్ల కీబోర్డు చేసి పెట్టాను. మిగతా మూడూ అంతే, నా శిష్యురాళ్లు నేను గీసిన గీత ఒక్కటీ దాటలేదు. బటను పీకి తిప్పుదామంటే, కాల్చిన వంకాయ తొక్కలాగా రాగి గీత లేచి వచ్చింది. తెల్లారితే సోమవారం. హుసేన్‌బీకి ఏ ముఖంతో చెప్పాలా అనుకుంటుండగా ఆమే వచ్చింది.

"నీ కుర్చీ పోగొట్టినానే తల్లీ" అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాది సూడలేదు కదక్కా."

"అదీ అంతేలే. నేర్పింది నేనే కదా."

ఆమె కొంగు విప్పింది. పలక మీద అక్షరాలు పైకే ఉన్నాయి. పాప చిప్పు పెట్టి కంప్యూటర్‌కు తగిలించింది. హుసేన్‌బీ చెయ్యి పెట్టగానే అంకెలు వరసగా పరుగెత్తాయి.

"ఇదెట్లా వచ్చెనే?" అన్నాను.

"బటన్లు పెట్టేముందర నా సెయ్యి ఆనించి సూసినా. నువ్వు సెప్పినట్ల పెడితే కూర్చోలే. తిప్పినా, కూర్చునె. అతికించేసినా."

"నాకు సెప్పొచ్చు కదా?"

"సెప్పబోతే నువ్వు నా మాట ఇంటివా?"

సోమవారం ఆమె ఆ కుర్చీలో కూర్చుంది, ఇంతవరకూ లేవలేదు. ఈ పని ఎవరు నేర్పారని మేనేజరు అడిగితే నా పేరే చెప్పిందట. నేర్పింది నేనే, నిజమే. నా మాట వినకపోవడం మాత్రం ఆమె సొంతంగా నేర్చుకుంది.

కాబట్టి మగ్గం మీద చెయ్యి పెట్టి మీ అందరి ముందూ ఒట్టు వేస్తున్నాను: ఇకమీదట నా మాట తూచా తప్పకుండా వినే శిష్యురాలిని ఈ జన్మలో చేర్చుకోను.