సుగుణ చెప్పిన వాసనలు

ఈ మాట ఏండ్ల తరబడి గొంతులో పెట్టుకొని తిరిగినా. దొంగతనం అంటే చిన్నదిగా ఉంటాది. మోసం అంటే ఎవరో వేరేవాళ్ళు చేసినట్టుంటాది. నేను చేసినదానికి ఏ పేరు సరిపోతుందో నాకు తెలీలేదు. జరిగింది జరిగినట్టు చెప్తా, పేరు మీరే పెట్టుకోండి.

మాది కమలాపురం. కడపలో డ్రిప్పు పైపుల అంగడి ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు ఒక డాక్టరు గారి మిద్దె మీద గదిలో కొంతమంది చేరి మంచి విస్కీలు రుచి చూసేవాళ్ళు. తాగి తూలేది కాదు. గ్లాసులో రెండు గుక్కలు పోసుకొని, వాసన చూసి, ఏం తోచిందో చెప్పుకోవడం. నన్నూ చేర్చుకున్నారు. నాకు అన్నింటిలో ఒకటే వాసన, సారా వాసన. అది బయటికి చెప్పుకోలేక పక్కవాళ్ళు ఏమంటే దానికి తలూపేవాణ్ణి.

ఒకసారి డాక్టరు గారు జపాను విస్కీ తెచ్చి, తలా ఒక చిన్న సీసాలో పోసిచ్చినారు. వేర్వేరు బట్టీల్లో బార్లీతో కాచిన మాల్టు కలిపి చేసిందంట. పీపాల్లో ఎక్కువేండ్లు ఉంచని లేత సరుకు. వచ్చే ఆదివారం మొదట నేనే చెప్పాలన్నారు.

ఇంట్లో గ్లాసులో పోసుకొని కూర్చున్నా. ఎండుగడ్డి నానిన నీళ్ళ మాదిరి పలచటి రంగు. ఎంతసేపు చూసినా సారా వాసనే. అప్పుడు నా భార్య సుగుణ వచ్చింది. ఆమెది మైదుకూరులో పసుపు వ్యాపారుల ఇల్లు. కొమ్ము విరిచి వాసన చూసి, సరిగ్గా ఉడకబెట్టినారో లేదో చెప్పేది. వాళ్ళన్న ఆమెకు చూపించకుండా సరుకు కొనేవాడు కాదు.

"ఏమి అంతసేపు చూస్తాండావు? ఇట్లియ్యి," అనింది.

గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకొని కండ్లు మూసుకునింది.

"చీనీ బత్తాయి తొక్క గోటితో గిల్లితే వేలికంటుకుంటాదే, అది ఉండాది. దాని వెనక కర్బూజా, గింజల కాడ ఉండే తీపి. కొత్త తలుపు చిత్రిక పట్టేటప్పుడు రాలే పొట్టు కూడా."

"ఇంకా?"

వేలు ముంచి నాలుక మీద పెట్టుకునింది. "కొంచెం అల్లం ఘాటు. అంతలోనే పోయింది. వయసు చిన్నది కదా, లోపల ఏముంటే అది చెప్పేస్తాది. దాచుకునేది తెలీదు. శానా బాగుండాది."

నేను మళ్ళీ వాసన చూసినా. అన్నీ ఉన్నాయి. చీనీ ఉంది, కర్బూజా ఉంది. నా జన్మలో మొదటిసారి ఒక విస్కీ నాకు విచ్చుకునింది. ఆ సంతోషం పూర్తిగా పట్టకముందే నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"చీనీ లేదు, గీనీ లేదు. వంటింట్లో తొక్కలు పట్టుకున్న చేతులు, అదే వస్తాంది నీకు. ఇది నీకు తెలిసేది కాదులే."

ఆమె తన చేతులు వాసన చూసుకునింది.

"అట్లనా," అనింది.

ఆదివారం ఆమె మాటలే వరసగా చెప్పినా. దాచుకునేది తెలీదన్నది కూడా. డాక్టరు గారు మళ్ళీ గ్లాసు ముక్కుకు పెట్టుకొని, నిజమే అన్నారు. ఆ రోజు నుంచి నేను ముక్కున్న మనిషినైనా. కర్నూలు వాళ్ళు పిలిచినారు, తర్వాత బెంగుళూరు వాళ్ళు. ప్రతి సీసా ముందు ఇంటికి వచ్చేది. ఆమె చెప్పేది, నేను కాదనేవాణ్ణి, పోయి అదే చెప్పేవాణ్ణి. నేనూ వస్తానని ఒకసారి అడిగింది. ఆడోళ్ళు రారన్నా. డాక్టరు గారి భార్య వస్తుందని చెప్పలేదు.

ఎందుకు కాదన్నా? నీ మాటలు అక్కడ చెప్తానంటే సంతోషంగా ఇచ్చుండేది. తీసుకోవడం వరకైతే ఆశ అనుకోవచ్చు, కానీ తీసుకున్నదాన్ని ఆమె దగ్గర అసలు లేనేలేదని ఆమె చేతనే ఒప్పించడం ఎందుకు? ఆలోచిస్తే ఒకటే తెలుస్తాంది. ఆమెది నిజమైతే ఆ గదిలో నేను కూర్చునే కుర్చీ ఆమెది. కుర్చీ నాకు కావాలంటే ఆమె తప్పు కావాల.

మెల్లగా ఆమె గ్లాసు పట్టుకోవడం మానేసింది. నాకేం తెలుస్తాదిలే అనేది. ఈ ఏడు వాళ్ళన్న పసుపు కొమ్ములు తెచ్చి చేతిలో పెట్టబోతే, ఆమె తీసుకోలేదు. అన్నా, వేరేవాళ్ళకు చూపించుకో, నా ముక్కు సరిగ్గా చెప్పదు అనింది. ఆయన తమాషా అనుకొని నవ్వినాడు. ఆమె నవ్వలేదు. నేను పక్కనే కూర్చొని ఉన్నా. విస్కీ గురించి మాత్రమే అబద్ధం చెప్పినా అనుకున్నా ఇన్నేండ్లు. చిన్నప్పటి నుంచి ఆమెకున్నది ఒకటి ఆమె నుంచి ఊడబెరికినా అని అప్పుడు తెలిసింది.

నిన్న పొద్దున ఆమెకు అంతా చెప్పినా. నన్ను తిడుతుందనుకున్నా, అందరి ముందర నా మాటలు చెప్పి పేరు తెచ్చుకుంటివా అంటుందనుకున్నా. అది అడగలేదు.

"అయితే నా ముక్కు బాగానే ఉండిందా?" అని అడిగింది.

"బాగానే ఉండింది," అన్నా.

క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. అడిగితే సరేలే అంటుంది, నాకు తెలుసు. ఆ సరేలే నాకు చెందేది కాదు. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు. ఆదివారం ఆ గదిలో కూడా చెప్పాల, ఇంకా చెప్పలేదు. వాళ్ళకంటే ముందు మీకు చెప్పినా. తప్పు ఎంత ఉన్నిందో అంతే ఉంది. ఊపిరి మాత్రం కొంచెం ఆడతాంది.