ఎల్లమ్మ కట్టిన ట్యాంకు, మేం ఒలకబోసిన బిందె

మా చిన్నప్పుడు నల్లాకి తాళం వేసేవాళ్లు... నవ్వకండి, నిజమే చెప్తున్నా. ముంబై కామాటిపురలో వరస గదుల పాత మేడ మా చాల్. దాని కింద ఒక చెక్క పెట్టె, అందులో నల్లా, పెట్టెకి ఇత్తడి తాళం. పొద్దున ఒక్క గంట తీసేవాళ్లు. ఖోలీకి, అంటే గదికి, రెండు బిందెలు. తాళంచెవి మా బాపు మొలతాడుకి వేలాడుతూ ఉండేది.

బాపు చాల్ పెద్దమనుషుల్లో ఒకడు. అందుకని నల్లా దగ్గర నిలబడి ఖోలీల నంబర్లు పిలిచే పని నాది. ఎనిమిదేళ్ల పిల్లని... ఎంత పొగరో! ఆ గంటసేపూ నేనే కలెక్టర్‌ని.

ఆ ఎండాకాలం పాలమూరు నుంచి ఎల్లమ్మ, ఆమె భర్త బాలయ్య పనికోసం వచ్చారు. చంకలో ఏడాది పిల్ల. మా ముత్తాత ఊరివాళ్లే... వరసకి బాపుని మామా అనేవాళ్లు. మా ముత్తాత కూడా ఒకప్పుడు నెత్తిన తట్ట పెట్టుకుని ఈ ముంబై కట్టడానికి వచ్చినవాడే. మూడు తరాలు గడిచేసరికి మాకు ఒక ఖోలీ వచ్చింది, దాంతోపాటు మిడిసిపాటూ వచ్చింది. చాల్‌లో అందరం వాళ్లని "లేబరోళ్లు" అనేవాళ్లం. మేమేదో గడీల్లో పుట్టినట్టు!

వాళ్లు మా మెట్ల కింద పడుకునేవాళ్లు. అప్పుడే చాల్ మీది నీళ్ల ట్యాంకు పగిలింది. కొత్తది కట్టే పని పెద్దమనుషులు వాళ్లకే అప్పజెప్పారు. మనూరోళ్లు కదా, మాట వింటారు అనుకున్నారు. బాలయ్య తాపీ పట్టాడు. ఇసుక, సిమెంటు, ఇటుకలు... అన్నీ ఎల్లమ్మే నాలుగంతస్తులు మోసింది.

మధ్యాహ్నం ఎల్లమ్మ మా అవ్వ పక్కన కూర్చుని జొన్నరొట్టె తినేది. అవ్వకి ఊరి ముచ్చట్లంటే ప్రాణం.

"కృష్ణ మా ఊరి పక్కపొంటే పోతది అవ్వా. మా చేన్లకు మాత్రం సుక్క రాదు. మేమేమో ఎక్కడెక్కడోల్లకో కాల్వలు తవ్వొస్తిమి."

"మరి అడగకపోయిన్రా?" అంది అవ్వ.

"అడిగినం. ఫైలు హైదరాబాదుల ఉన్నదన్నరు. మా అయ్య కాలం నుంచి ఆడనే ఉన్నది."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నాకు అర్థం కాలేదు... అయినా నేనూ నవ్వాను.

ట్యాంకు పూర్తయింది. కొబ్బరికాయ కొట్టారు. మర్నాడు పొద్దున నల్లా తిప్పితే ధార అలా దూకుతోంది, చాల్ అంతా సంబరం. ఎల్లమ్మ కూడా తన సొట్టల బిందె తెచ్చి వరస చివర పెట్టింది. నేను అన్ని నంబర్లూ పిలిచాను. ఆమెకి ఖోలీ లేదు కాబట్టి నంబరూ లేదు. అందరూ పట్టుకున్నాక, ఇంకా తాళం పడకముందే, ఆమె గబగబా బిందె నింపుకుంది.

చూశాను. పరుగెత్తాను.

"బాపూ, ఎల్లమ్మ నీళ్లు దొంగతనం చేస్తున్నది!"

బాపు వచ్చాడు. "పిల్లకు జరమున్నది మామా... ఒక్క బిందె" అని ఆమె బతిమాలింది. బాపు వినలేదు. "ఖోలీ లేనోల్లకు నీళ్లు లెవ్వు. రూలంటే రూలే" అంటూ నిండు బిందెని కాలితో తన్నాడు. నీళ్లన్నీ మోరీలోకి పోయాయి. గ్యాలరీల్లోంచి చాల్ మొత్తం చూసింది.

ఎల్లమ్మ ఏడవలేదు. "ట్యాంకు కట్టెటప్పుడు మేం మీ ఊరోల్లం. నీళ్లు తాగెటప్పుడు బయటోల్లమైతిమా, మామా?" అని అడిగింది. ఆ మధ్యాహ్నమే మూటలు సర్దుకుని, పిల్లని భుజాన వేసుకుని గ్రాంట్ రోడ్ వైపు వెళ్లిపోయారు. మళ్లీ కనబడలేదు. ఆ పిల్ల జ్వరం తగ్గిందో లేదో ఈనాటికీ తెలీదు.

చూసి చెప్పినందుకు బాపు నాకు పెప్పర్మెంటు కొనిచ్చాడు. నేను తిన్నాను... చప్పరించి చప్పరించి మరీ తిన్నాను.

తర్వాతెప్పుడో దాదర్‌లో తెలుగువాళ్ల సభకి వెళ్లాం. ఖద్దరు లాల్చీ వేసుకున్న ఒక పెద్దాయన "తెలుగువాళ్లందరం ఒక్క తల్లి బిడ్డలం" అన్నాడు. బాపు చప్పట్లు కొట్టాడు. పక్కనే అవ్వ అందరికీ వినబడేలా అంది: "ఒక బిడ్డను ఎండబెట్టి ఇంకో బిడ్డకు పాలిచ్చే తల్లి ఎక్కడన్న ఉంటదారా?" చుట్టూ ఉన్నవాళ్లు ష్ ష్ అన్నారు.

ఏళ్లు గడిచాయి. ప్రత్యేక రాష్ట్రం వచ్చింది. మా గల్లీలో గులాల్, డోళ్లు, జిలేబీలు. ముసలి బాపు గొంతు చించుకుని "మన నీళ్లు మనకే!" అని అరిచాడు. మొలతాడుకి ఆ తాళంచెవి ఇంకా అలాగే ఉంది. నాకు రోత పుట్టింది. ఆ మాట అబద్ధమని కాదు... అక్షరాలా నిజం. ఆ నోటికే తగదు.

ఇప్పటికీ ఫేస్‌బుక్‌లో ఎవరో ఒకరు రాస్తుంటారు... నలుగురు నాయకులు రెచ్చగొడితే జనం విడిపోయారట! ఛీ... రెచ్చగొట్టడానికి నాయకులెందుకండీ? ట్యాంకు కట్టిన మనిషి బిందెని ఆమె కళ్లముందే తన్నితే చాలదా? పైగా తన్నినవాళ్లంతా ఎక్కడో దూరాన లేరు. మా ఇంట్లోనూ ఒకడున్నాడు. అతన్ని పిలుచుకొచ్చింది నేను.

ఇప్పుడు ఖోలీ ఖోలీకీ నల్లా. చెక్క పెట్టె పోయింది, బాపూ పోయాడు. మా పిల్లలు మరాఠీలోనే మాట్లాడుకుంటారు. పాలమూరు మనుషులు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నారు. మొన్న మా గేటు దగ్గర ఒకామె ఖాళీ డబ్బా పట్టుకుని నిలబడితే వాచ్‌మన్ అదిలిస్తున్నాడు. బయటివాళ్లకి నీళ్లివ్వొద్దని మా కమిటీ తీర్మానమట. ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంది... చదవకుండానే పెట్టేశాను.

డబ్బా తీసుకుని పైకెళ్లి నింపి తెచ్చాను. "సల్లగుండు అక్కా" అంది. తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాను.

చిన్ననాటి తీపి గుర్తులు అందరూ రాస్తారు. మీ ఇంటి ముందు ఎవరి బిందె ఒలికిందో గుర్తుంటే కింద రాయండి... పెప్పర్మెంటు ఎవరు తిన్నారో కూడా.