గుడి పేరు, కార్డు పేరు

తెనాలిలో నేను అద్దెకుండే మేడ వెనక ఖాళీ స్థలంలో ఈమధ్య ప్రభుత్వం వారి ఇళ్ళు లేస్తున్నాయి. పొద్దున్నే ఎవరో ఒకరు గొట్టం పట్టుకుని పచ్చి గోడలకు నీళ్ళు కొడతారు. ఎండ పడేసరికి ఆ తడిసిన సిమెంటు వాసన నా వంటింటి కిటికీలోంచి లోపలికి వచ్చి, పోపు వాసనను కూడా పక్కకు నెట్టి కూర్చుంటుంది. చాలామందికి అది కొత్త ఇంటి వాసన. నాకు మాత్రం మాకు రాని ఇంటి వాసన.

మాది రేపల్లెకు నడిచి పోయేంత దూరంలో, వరిపొలాల మధ్య ఒక పేట. ఎనభైల నాటి మాట. గోడలన్నీ మట్టివి, కప్పులన్నీ తాటాకువి. మా నాన్న ఇళ్ళు కప్పేవాడు. ఎండలు ముదరగానే ఆకు కొట్టించి, వరసలుగా పరిచి, పైన బరువులు పెట్టి అణగనిచ్చి, ఎండిన ఆకును భుజాన వేసుకుని కప్పు మీదికి ఎక్కితే, కింద మేం ముంజలు జుర్రుకుంటూ, ఆయన విసిరేసిన పాత ఆకులో తేళ్ళు వెతుక్కుంటూ, మధ్యాహ్నమంతా గడిపేవాళ్ళం. కొత్త ఆకు వాసన కాస్త తియ్యగా, దుమ్ముదుమ్ముగా ఉండేది. రెండు వానలు పడేసరికి ఆ తీపి పోయి, కప్పు నుంచి టీ రంగు చుక్కలు రాలేవి. చుక్క పడే చోటల్లా ఒక గిన్నె, గిన్నె చాలకపోతే పళ్ళెం, దాని పక్కన తడిసిన మేక, పిడకల పొగ. శ్రావణ భాద్రపదాలంటే నాకు గుర్తొచ్చేది ఇదే.

క్రిస్మస్ ముందు మాత్రం పేట మారిపోయేది. గోడలకు ఎర్రమట్టి మెత్తి సున్నం కొట్టేవాళ్ళు, వెదురు బద్దలతో చుక్క కట్టి రంగు కాగితాలు అంటించేవాళ్ళు, వీధంతా అరిసెల పాకం వాసన. అమ్మ ఏటా గుడి నుంచి కొత్త క్యాలెండర్ తెచ్చి గోడకు తగిలించబోయేది. మేకు కొడితే మట్టి పెళ్ళ ఊడి పడేది. ఇంకోచోట కొట్టేది, అక్కడా పడేది. చివరికి క్యాలెండర్ రేకు పెట్టె మీద ఆనించి, "మేకు దిగే గోడ ఉంటే చాలు, ఇంకేమీ అడగను" అనేది. ఆమెకు ఇల్లంటే అంతే.

మా పేటలో మనిషికి రెండు పేర్లు. బాప్తిస్మంలో పాస్టరయ్యగారు పెట్టింది గుడి పేరు. రేషన్ కార్డులో, బడి రిజిస్టర్లో ఉండేది కార్డు పేరు. పక్కింటి సువార్తత్త కార్డులో సుబ్బమ్మ. మా అమ్మ గుడిలో రాహేలు, కార్డులో ఆదెమ్మ. మతం మారారని కాగితంలో పడితే మాలాంటి వాళ్ళకు షెడ్యూల్డు కులాల కింద వచ్చేవన్నీ ఆగిపోతాయని పెద్దవాళ్ళందరికీ తెలుసు. ఎవరూ పిల్లలకు విడమరిచి చెప్పలేదు. అన్నం కుడిచేత్తో తినమన్నట్టే, ఆఫీసులో కార్డు పేరు చెప్పమనేవాళ్ళు, అంతే.

నేను ఏడో తరగతిలో ఉండగా రేపల్లె గ్రంథాలయానికి అలవాటు పడ్డాను. బడి వదలగానే పేపర్ల బల్ల దగ్గర చేరి, లోపలి పేజీల్లో చివరి మూల దాకా చదివేదాన్ని. అర్థం కాని మాట దొరికితే నిఘంటువు తెరవాల్సిందే. గృహనిర్మాణం, పట్టణాభివృద్ధి, లబ్ధిదారు లాంటి మాటలు నాలుక మీద ఉంచుకుని ఇంటికి నడిచేదాన్ని. ఢిల్లీ ప్రభుత్వం పల్లెల్లోని షెడ్యూల్డు కులాల పేదలకు పక్కా ఇళ్ళు ఇస్తుందని, పొగరాని పొయ్యి, మరుగుదొడ్డి కూడా కట్టిస్తుందని పేటకు మొదట చెప్పింది నేనే.

నాన్న అప్పుడు ఆకు ఈనెలు చీలుస్తున్నాడు. "పక్కా ఇళ్ళంటే ఏంటనుకున్నావే? పక్కోళ్ళ ఇళ్ళు. అయినా నా పని తీసేసే ఇల్లు నాకే ఇస్తారంటావా?" అని నవ్వాడు.

నిజంగానే దరఖాస్తు కాగితాలు వచ్చాయి. పేట మొత్తానికీ నేనే రాశాను. గుడి మెట్ల మీద కూర్చుంటే, కార్డులు పట్టుకుని వరసగా వచ్చేవాళ్ళు. సువార్తత్త నా భుజం మీంచి తొంగి చూసి, "అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయే. నీకు కలెక్టరు ఉద్యోగం ఖాయం, అప్పుడు మా పెన్షన్ మర్చిపోకు" అని ఆటపట్టించింది. నా తల ఎంత బరువెక్కిందో నాకే తెలుసు.

మా ఇంటి కాగితం చివరికి అట్టిపెట్టుకున్నాను. అడుగున ఒక వాక్యం ఉంది: పైన తెలిపిన వివరాలన్నీ వాస్తవమని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. మిగతావాళ్ళ కాగితాల్లోనూ అదే ఉంది గానీ, అవి వాళ్ళ సంగతి. మా అమ్మ కాగితంలో అబద్ధం ఉండకూడదనిపించింది. వాస్తవం అనే మాటకు అర్థం తెలిసినదాన్ని కదా. అమ్మ ఇంట్లో పొయ్యి ఊదుతూ, "కార్డులో పేరే రాయవే" అంది. "ఊఁ" అని, పూర్తి పేరు దగ్గర రాహేలు అని రాశాను. మతం దగ్గర కూడా ఉన్నదే రాశాను. అమ్మ చేతులు తుడుచుకుని వచ్చి, చదవలేని ఆ కాగితం మీద బొటనవేలు ముద్ర వేసింది.

విచారణ రోజున పేటంతా యేసు క్యాలెండర్లు రేకు పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. విచారణకు వచ్చిన ఇళ్ళ ఆఫీసు సారు గుడి ముందే బడి బెంచీ వేయించుకుని కూర్చున్నారు. నడివయసు మనిషి, ఆయాసం ఉన్నట్టుంది, మజ్జిగ ఇస్తే తాగారు. వెనక గుడి మీద అంత ఎత్తు సిలువ కనబడుతూనే ఉంది. ఆయన ఒక్కసారి కూడా తల ఎత్తి అటు చూడలేదు. సుబ్బమ్మ అంటే సువార్తత్త వెళ్ళింది, టిక్కు పడింది. అలా ఒక్కొక్కరే.

"రాహేలు ఎవరు?" అన్నారు.

అమ్మ వెళ్ళి కార్డు ఇచ్చింది. ఆయన కార్డు చూశారు, కాగితం చూశారు, గొంతు తగ్గించారు. "నాకు కళ్ళు మూసుకోవడం వచ్చమ్మా, కాగితానికి రాదు. రాసినవాళ్ళు పొరపాటున రాశారని చెప్పు. రాహేలు నువ్వు కాదని ఒక్క మాట అను, కొట్టేసి సరిచేసుకుంటాను."

అమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, తొందర ఉంది. పొరపాటునండి అనడానికి ఆమె నోరు తెరిచిందనే నా నమ్మకం. ఈలోపే నేను ముందుకొచ్చాను.

"పొరపాటు కాదండి. మా అమ్మ అసలు పేరు అదేనండి. వాస్తవమని కింద రాసి ఉంది కదండి."

పేటలో అందరి కార్డు పేర్లూ ఆ బెంచీ మీదే ఉన్నాయి. సువార్తత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సారు నా వంక చూసి, కలం మూత పెట్టారు. "తెలివిగల పిల్లే" అన్నారు. మా కాగితం విడిగా, అడుగున పెట్టారు.

ఇంటికి వచ్చాక అమ్మ క్యాలెండర్ పెట్టెలోంచి తీసి, మళ్ళీ పెట్టె మీద ఆనించింది. "బాగా చదివావే" అంది. ఆ మాటను ఈనాటికీ రెండు రకాలుగా వింటూనే ఉన్నాను.

కాలనీ లేచింది. మాకు తప్ప అందరికీ వచ్చింది. నాన్న చేసిన పరాచికం నిజమైంది, రెండో సగం కూడా. కప్పడానికి ఇళ్ళు లేక ఆయన బాపట్ల వైపు స్లాబు పనులకు పోయాడు. శనివారం ఇంటికొస్తే చొక్కా నిండా సిమెంటు వాసన. ఆ తర్వాతి మే నెల తుపానుకు మా కప్పు లేచి పంట కాలవలో పడింది. సువార్తత్త ఇంట్లో తలదాచుకున్నాం. పొగరాని పొయ్యి పగిలి ఉంది, మరుగుదొడ్డిలో ఆమె మేకలు ఉన్నాయి, కానీ గోడకు మేకుంది, మేకుకు క్యాలెండర్ ఉంది. అమ్మ దాని కింద కూర్చుని, వాన వెలిసేదాకా ఆ మేకును చూస్తూనే ఉంది. తొంభైలలో నిబంధన కాస్త సడలి మిగతా పేదలకూ ఇళ్ళు ఇస్తామన్నారు. అప్పటికి కాలనీలో జాగా లేదన్నారు.

తర్వాత చాలా చదివాను. హిందూ మతం నుంచి క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళను షెడ్యూల్డు కులాలుగా లెక్కించకూడదని ఢిల్లీ ఆదేశం నేను పుట్టకముందే ఉందని ఇదే తెనాలి గ్రంథాలయంలో తెలుసుకున్నాను. పాస్టరయ్యగారు పేరు మార్చినప్పుడు వీధి మారలేదు, కూలి మారలేదు, పెద్ద ఇళ్ళ వాకిట్లో మేం నిలబడే దూరం మారలేదు. మారింది కాగితంలో ఒక్క గడి. ఎక్కడో కూర్చుని ఇల్లు ఇచ్చేవాళ్ళకు ఆ గడే కనిపిస్తుంది. వాస్తవమని ప్రకటించమనేదీ వాళ్ళే, ప్రకటిస్తే అడుగున పెట్టేదీ వాళ్ళే. ఇదంతా తెలిశాక నా తప్పు కొంత తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

ఇప్పుడు పేటలో తాటాకు ఇల్లు ఒక్కటీ లేదు. కప్పే పని తెలిసినవాళ్ళూ లేరు. ఆ కాలనీ స్లాబులు కూడా పెచ్చులూడి, చువ్వలు తేలి ఉన్నాయి. అమ్మ కిందటేడు, తెనాలిలో నా అద్దె ఇంట్లోనే పోయింది. పేటలో ఆమె సమాధికి సిమెంటు చేయించి, అది పచ్చిగా ఉండగానే పుల్లతో పేరు నేనే రాశాను. సువార్తత్త కర్ర ఆనించుకుని వచ్చి, వంగి చూసింది. ఆమెకు ఇప్పటికీ చదువు రాదు.

"ఏ పేరు రాశావే?"

"గుడి పేరే అత్తా."

"ఊఁ. ఇక్కడ కార్డు అడగరులే" అని, పక్కనున్న చెంబు అందుకుని ఆ పచ్చి గట్టు అంచులకు నీళ్ళు కొట్టింది.