కాల్షియమే కదా అన్నారు

థైరాయిడ్ తీసేసిన మర్నాడు పొద్దున్న పెదవుల చుట్టూ చీమలు పాకినట్టు అనిపించింది. టీ గ్లాసు అందుకోబోతే వేళ్లు వాటంతటవే ముడుచుకుపోయాయి. లాగినా విడలేదు. బ్లడ్ టెస్ట్ చేసి, "కాల్షియం పడిపోయింది, ఈ ఆపరేషన్ తర్వాత కొందరికి అవుతుంది" అన్నారు బెంగాలీ డాక్టరమ్మ. ఇంజెక్షన్‌తో సర్దుకుంది. తర్వాత వేసుకోవడానికి మాత్రలు రాస్తూ, "మీరు రోజూ గ్యాస్ మాత్ర వేసుకుంటారు కాబట్టి కాల్షియం సిట్రేట్ రాస్తున్నాను" అని హిందీలో చెప్పారు.

ఆ మాట విన్నది నేను. మందు తెచ్చింది మా ఆయన. మేముండేది బెంగాలీల ఊళ్లో, ఆయనది అక్కడి రైల్వే వర్క్‌షాప్ స్టోర్‌లో పని. అడిగిన పార్టు లేకపోతే ఈక్వివలెంట్ అని దాని బదులు ఇంకోటి ఇచ్చి పంపడం అక్కడ మామూలే. హాస్పిటల్ మందుల కౌంటర్‌లో "సిట్రేట్ నహీ హై దాదా, కార్బొనేట్ లే జాయియే, సేమ్ హై" అని కౌంటర్ అతను సిట్రేట్ బదులు కార్బొనేట్ ఇస్తే తల ఊపి తెచ్చేశారు.

"డాక్టరమ్మ సెప్పింది ఇదేనేటి?" అని అడిగాను.

"ఈక్వివలెంటేనే. కాల్షియమే కదేటి, మింగు."

వార్డు సిస్టర్ కూడా అదే మాట అంది.

ఆ మాత్ర తడి సున్నం నమిలినట్టుండేది, పైగా దొంగ నారింజ వాసన. ఆ డోకుకి అన్నం సహించేది కాదు. ఖాళీ కడుపునే మింగేదాన్ని. తీరా డిశ్చార్జ్ చేస్తామన్న రోజు చేతులూ కాళ్లూ కొంకర్లు పోయాయి. గొంతు బిగుసుకుని ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననుకున్నాను. ఇంటి దగ్గరున్న మా పిల్లని ఒక్కసారి చూపించమని ఏడ్చాను.

మళ్లీ ఇంజెక్షన్ ఎక్కించాక డాక్టరమ్మ నా మంచం పక్కన ఉన్న స్ట్రిప్ తీసి చూశారు. "కే బొద్లాలో?" అన్నారు, ఎవరు మార్చారని. "గ్యాస్ మాత్ర మీద, అదీ తిండి లేకుండా, ఇది ఈవిడ ఒంటికి సరిగ్గా పట్టదు. నన్నెవరు అడిగారు?"

సిస్టర్ కౌంటర్ మీదకి తోసింది. కౌంటర్ అతను స్టాకు లేదన్నాడు. పొరపాటైందని ఒక్క నోటి నుంచీ రాలేదు. నాకు ఆ మొహాలు చూస్తేనే అసహ్యం వేసింది. మా ఆయన్నీ వదల్లేదు.

"నానేటి వ్యాగన్నా, దొరికిందేదో బిగించీడానికి?"

"తప్పైపోనాదే" అన్నారాయన తల దించుకుని. వెంటనే ఊళ్లోని ఇందా బజారుకి వెళ్లి, మందుల షాపులన్నీ తిరిగి సిట్రేట్ తెచ్చారు.

ఇప్పుడు థైరాయిడ్ మాత్ర పొద్దున్న, కాల్షియం డాక్టరమ్మ చెప్పినంత ఎడం ఇచ్చి వేసుకుంటున్నాను. వేళ్లు బాగున్నాయి, పిల్లకి జడ వేస్తున్నాను. ఆ నారింజ వాసన ఎక్కడ తగిలినా మాత్రం ఇప్పటికీ ముక్కు మూసుకుంటాను.

మందు పేరు మారితే ఆగండి. కాల్షియమేనా అని కౌంటర్‌లో అడక్కండి, అవుననే అంటారు. రాసిన డాక్టర్‌కి చూపించి, అప్పుడు మింగండి.