ఫోనుకు ముక్కెక్కడిది

ఆ ఇంట్లో బజారు సామాను రెండు వాటాలు. మూత ఉన్నవన్నీ ఫోనువి, వాసన చూసి కొనాల్సినవన్నీ ముక్కు మేడంవి. సబ్బులు, ఉప్పు, చక్కెర, బట్టల పొడి, బిస్కెట్లు శనివారం సాయంత్రానికి అట్టపెట్టెలో గుమ్మం ముందుకొచ్చి కూర్చుంటాయి. చేపలు, పుదీనా, కర్బూజా పండు, విడి నూనె కావాలంటే మాత్రం మేడం ఆకుపచ్చ గుడ్డసంచీ భుజాన వేసుకుని మూడంతస్తులూ దిగాల్సిందే.

ఈ వాటాలు ఊరికే తేలలేదు. మేనకోడలికి ఉద్యోగం వచ్చి కొత్త ఫోను కొనుక్కున్న రోజుల్లో, "అత్తా, ఇంక నువ్వు ఈ మెట్లెక్కి దిగే పని లేదు. చేపలతో సహా అన్నీ ఇంటికే వస్తాయి" అంది ఆ పిల్ల ఎంతో మంచి చేస్తున్నట్టు. మేడంకి చిర్రెత్తుకొచ్చింది.

"సరేనే. నీ ఫోనుకి కళ్ళున్నాయి, చెవులున్నాయి, నీకన్నా పెద్ద నోరుంది. ముక్కెక్కడుందో చూపించు. చూపించావా, రేపట్నించి గడప దాటను."

తమ్ముడికి కాఫీ పొలమారింది. మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది. మేనకోడలు ఫోనుని అటూ ఇటూ తిప్పి, "ఓడిపోయానత్తా" అని దండం పెట్టింది. ఆ పూట ఇంట్లో మేడం నడక చూడాలి, ఎన్నికల్లో గెలిచొచ్చినట్టే ఉంది.

ముక్కు మేడం అన్న పేరు పెట్టింది ఇంట్లోవాళ్ళు కాదు. ఆవిడ సర్వీసంతా ఆడపిల్లల హాస్టల్లో గడిచింది, వంటసామాను కొట్టు ఆవిడ చేతికింద ఉండేది. బియ్యం బస్తా వస్తే మూతి విప్పించి, గుప్పెడు తీసి, కళ్ళు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకునేది. ఆవిడ తల ఊపితే బస్తా లోపలికి, ఊపకపోతే వెనక్కి. ఒకసారి నూనె డబ్బాలన్నీ దించేశాక ఒక్క డబ్బా మూత తీయించి, "ఇది పాత నూనె, కొత్త డబ్బాల్లో పోసుకొచ్చారు, ఎక్కించండి మళ్ళీ" అంది. తెచ్చినాయన లబోదిబోమన్నాడు. రాత్రికి ఏం వండాలని వార్డెన్ తల పట్టుకుంది. ఆ పూట పిల్లలంతా ఉడకబెట్టిన కూరలు తింటూ ముక్కు మేడంని నోటికొచ్చినట్టు తిట్టుకున్నారు. తిట్టినా సరే, ఆ పేరంటే మేడంకి లోలోపల మహా ముచ్చట.

పెళ్ళీ గిళ్ళీ అనుకోకుండానే రిటైరైపోయింది. తమ్ముడొచ్చి సామానంతా సర్దించి, "ఇంక నువ్వేం చెయ్యకక్కా, కూర్చోబెట్టి అన్నం పెడతాం" అన్నాడు. ప్రేమగానే అన్నాడు పాపం. కానీ ఆ కూర్చోబెట్టి అన్న మాట మేడంకి ఎక్కడో కలుక్కుమంది. వచ్చిన మర్నాడే మేకుకి వేలాడుతున్న గుడ్డసంచీ తీసుకుని బజారుకి బయల్దేరింది. వంటగది మరదలిది, అందులో వేలు పెట్టే మనిషి కాదు మేడం. బజారు మాత్రం తనది. ఇంట్లో ఉన్నందుకు తన వంతు పని ఒకటుందని ఆ సంచీని చూసినప్పుడల్లా ఆవిడకి ధైర్యంగా ఉండేది.

వానాకాలంలో జ్వరం వచ్చింది. అందరికీ వచ్చినట్టే వచ్చి, అందరికీ తగ్గినట్టే తగ్గింది. పథ్యం పెట్టిన పొద్దున మేనకోడలు కాఫీ తెచ్చి చేతికిచ్చింది. మేడం గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. వేడి తగిలింది, ఆవిరి తగిలింది, ఇంకేం తగల్లేదు. జలుబు కాబోలు అనుకుంది. జలుబు పోయింది, వాసన రాలేదు. గుట్టు చప్పుడు కాకుండా స్నానాలగదిలో సబ్బు వాసన చూసింది, అగరొత్తి వాసన చూసింది, ఆఖరికి కిరసనాయిలు వాసన చూసింది. మంచినీళ్ళు వాసన చూసినట్టే ఉంది.

ఎవరికి చెప్పాలి? చెబితే సంచీ మేకు మీదే ఉండిపోతుంది. ఆ తర్వాత నిజంగానే కూర్చోబెట్టి అన్నం పెడతారు. మేడం నోరు కుట్టేసుకుంది.

ఇంక అక్కణ్ణించి ఆవిడ వేషాలు చూడాలి. కర్బూజా చేతిలోకి తీసుకుని కళ్ళు మూసుకుని మునుపటిలాగే తల ఊపేది, వేళ్ళు మాత్రం తొడిమ దగ్గర మెత్తదనం వెతికేవి. చేప మొప్పలెత్తి ఎరుపు చూసేది, పొట్ట నొక్కి చూసేది, కళ్ళు తేటగా ఉన్నాయా లేదా అని వంగి చూసేది. బజారులో చేపలమ్మే ఆవిడ పాత స్నేహితురాలే, "ఏంటమ్మా, ఈమధ్య డాక్టరులా పరీక్ష చేస్తున్నావ్?" అని వేళాకోళం చేసేది. ఇంట్లో ఇంకా కష్టం. పాలు మాడితే మరదలు ముఖం చిట్లించేదాకా ఆగి, అప్పుడు తనూ చిట్లించేది. ఎవరైనా "అబ్బ, ఏం వాసన!" అంటే, అది మంచిదో చెడ్డదో వాళ్ళ మొహంలో వెతుక్కుని వంత పాడేది.

పొద్దున్నే కాఫీ ఇచ్చి, "ఎలా ఉందత్తా వాసన?" అని మేనకోడలు రోజూ అడిగేది. "ఘుమఘుమలాడుతోందే" అనేది మేడం. పిల్లకి తనంటే ఎంత ప్రాణమో అని మురిసిపోయేది కూడా.

అంతా సాఫీగానే సాగింది. చేప తెచ్చిన ప్రతిసారీ, "మా వదిన ముక్కుంటే మాకు ఏ చింతా లేదు" అని మరదలు మెచ్చుకునేది. తమ్ముడు వేళ్ళు నాక్కునేవాడు. ఈ ముక్కు లేకపోయినా నా చేతులకీ కళ్ళకీ ఈ బజారు విద్య వచ్చేసింది అనుకుంది మేడం. ఆ గర్వంతోనే ఒకరోజు మెట్ల దగ్గర ఎదురింటావిణ్ణి ఆపి, "మీ పిల్లికి ఏం పెడుతున్నారండీ? ఈమధ్య దూడలా తయారైంది" అని నవ్వింది. ఎదురింటావిడ నవ్వలేదు. తాళంచెవి కోసం వెతుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఏం మనిషో, పిల్లిని అంటే కూడా కోపమే అనుకుంది మేడం.

ఆ బుధవారం మరదలు డ్యూటీకి వెళ్తూ, "వదినా, ఇవాళ చేప తెండి. మంచి కర్బూజా ఉంటే చూడండి. పుదీనా మర్చిపోకండి" అని చెప్పి వెళ్ళింది. కంటి డాక్టరు దగ్గర చీటీలు రాసే ఉద్యోగం ఆమెది, సాయంత్రానికి వచ్చేస్తుంది. మేడం ఎప్పటిలా ఎండ తగ్గాక సంచీ తీసుకుని బయల్దేరింది. వీధి మలుపు కూడా దాటలేదు, చెప్పు తెగింది. చెప్పులు కుట్టే అతని పెట్టె మూసి ఉంది. ఒంటి చెప్పుతో బజారు తడినేల మీద ఎక్కడ జారిపడతానో అని, తిట్టుకుంటూ, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని మళ్ళీ మూడంతస్తులూ ఎక్కింది.

పైన సామాను తెచ్చే మనిషి ఎదురింటి గంట కొట్టి కొట్టి విసిగిపోయి ఉన్నాడు.

"అమ్మా, ఈ ఇల్లు మీదేనా?" అన్నాడు మేడం తలుపు చూపించి. "మీ ఇంటి సామానే ఇది. ఎప్పుడూ ఎదురింట్లో ఇమ్మని రాస్తారు. ఇవాళ ఆవిడ పలకట్లేదు. మీరు తీసుకుంటారా?"

"ఎప్పుడూనా?" అంది మేడం.

"అవునమ్మా. ప్రతిసారీ ఈ టైముకే, ఎదురింట్లోనే."

అతనిచ్చిన సంచీ చల్లగా ఉంది. వంటింటి గట్టు మీద పెట్టి విప్పింది. మంచు పొట్లంలో శుభ్రం చేసిన చేప. దాని కింద కర్బూజా. పక్కన పుదీనా కట్ట. పొద్దున మరదలు చెప్పిన మూడూ, అదే వరసలో ఉన్నాయి.

మేడం గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఆవిడ సంచీ వేసుకుని మెట్లు దిగే వేళకి ఈ సంచీ మెట్లెక్కుతోందన్నమాట. ఆవిడ తెచ్చింది ఎటు పోతోందో ఎవరూ చెప్పనక్కర్లేదు, దూడలాంటి పిల్లి కళ్ళముందు కదిలింది. ఎదురింటావిడ ఎందుకు నవ్వలేదో అర్థమైంది. తమ్ముడు వేళ్ళు నాక్కున్నది ఎవరి చేపో అర్థమైంది. అన్నిటికన్నా మేనకోడలి కాఫీ గుర్తొచ్చింది. అది ముద్దు కాదు, పరీక్ష. రోజూ పరీక్ష పెట్టారు, రోజూ తను నవ్వుతూ తప్పింది. ఇంటిల్లిపాదీ కూడబలుక్కుని, చివరికి ఎదురింటివాళ్ళని కూడా కలుపుకుని, తనని బొమ్మని చేసి ఆడించారు. పైగా ఆ మెచ్చుకోళ్ళు! నమ్మించి గొంతు కోయడమంటే ఇదే కదా అనుకుంది. ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా ఒళ్ళు మండింది.

కాసేపటికి ఒక ఆశ తోచింది. బహుశా వాసన చూసే పారేస్తున్నారేమో. బాగున్నవి వండుతున్నారేమో, బాగాలేనప్పుడు పనికొస్తుందని ఇది తెప్పిస్తున్నారేమో. అలా అయితే తను తెచ్చినవాటిలో సగమైనా ఈ ఇంట్లో ఉడికి ఉంటాయి. మేడం లేచింది. మంచు పొట్లం విప్పి, చేపని పాత పేపర్లో బజారువాళ్ళు చుట్టినట్టే చుట్టి దారం కట్టింది. దాన్నీ, కర్బూజానీ, పుదీనానీ తన ఆకుపచ్చ సంచీలో వేసి గట్టు మీద పెట్టింది. హాల్లో కూర్చుని పేపరు అడ్డం పెట్టుకుంది.

మరదలు వచ్చింది. కాళ్ళు కడుక్కుంది. "తెచ్చేశారా వదినా? మీకు ఓపిక ఎక్కువ" అంటూ వంటింట్లోకి వెళ్ళింది.

పేపరు పక్కనించి మేడం చూస్తోంది. ఒక్కసారి విప్పి చూడు తల్లీ, ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకో అని మనసులో బతిమాలుకుంది. మరదలు పొట్లం విప్పలేదు. రెండు వేళ్ళతో దారం పట్టుకుని ఎత్తింది, ముఖం పక్కకి తిప్పుకుని చెత్తబుట్ట సంచీలో పడేసింది. కర్బూజా, పుదీనా కూడా అందులోనే వేసింది.

"చెత్త వేసొస్తా వదినా" అని బయటికి వెళ్ళింది. మెట్లు దిగిన చప్పుడు కాలేదు. ఎదురింటి తలుపు తెరుచుకుంది, గుసగుసలు వినిపించాయి. ఎదురింటావిడ అప్పుడే నిద్ర లేచినట్టుంది, గొంతు బొంగురుగా ఉంది. మరదలు వట్టి చేతుల్తో తిరిగొచ్చి, కంగారుగా ఫోను తీసి చూసుకుంది.

"ఏమ్మా, చేప ఎలా ఉంది?" అంది మేడం.

"బాగుంది వదినా. మీరు తెచ్చాక వంకేముంటుంది?"

"వాసన చూశావా?"

"ఆ... చూశాను."

"అది నీ చేపే" అంది మేడం. "నీ ఫోను తెచ్చిందే. చెప్పు తెగి నేను బజారుకే పోలేదు."

మరదలు గుమ్మానికి జారగిలబడింది. అంతలో తమ్ముడూ మేనకోడలూ వచ్చారు, ఇద్దరి మొహాలూ చూసి చెప్పులు విప్పడం మర్చిపోయారు.

ఏడుస్తూ మరదలే చెప్పింది. "జ్వరం తగ్గాక మొదటిసారి చేప తెచ్చారే, ఆ రోజు మీ చేపలావిడ లేదని వేరే చోట కొన్నారు. కంపు కొట్టింది వదినా. మేం నోట పెట్టలేకపోయాం. మీరేమో భలే ఉందని రెండోసారి వడ్డించుకున్నారు. అప్పుడు తెలిసింది."

"తెలిస్తే నాతో అనొద్దూ?"

"నేనే వద్దన్నానక్కా" అన్నాడు తమ్ముడు నేల చూస్తూ. "ఆ పని కూడా లేకపోతే నువ్వు బెంగపెట్టుకుంటావని."

"మీరూ మాకు చెప్పలేదు కదా వదినా" అంది మరదలు మెల్లిగా.

"చెప్పలేదు. నా ముక్కు, నేను దాచుకున్నాను. మీరు ఎదురింటావిడతో సహా చేరి నన్ను ఆడించారు. సరే, ఆ ఒక్క రోజు కంపు కొట్టింది. తర్వాత తెచ్చినవి? ఒక్కటంటే ఒక్కటి విప్పి చూశారా?"

తమ్ముడు వంగి అప్పుడు చెప్పులు విప్పసాగాడు.

"పాడైనవి తిని ఆ పిల్లి అంత నున్నగా తయారవుతుందటరా? ఒక్కసారి వాసన చూసి ఉంటే మీకే తెలిసేది. ముక్కు లేని దాన్ని నేను అన్ని తిప్పలు పడి చూసి తెచ్చాను. ముక్కులున్న ముగ్గురూ చూడలేదు."

మేనకోడలు వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "అత్తా, రోజూ అడిగేదాన్ని కదా. తిరిగొచ్చిందేమోనని ఆశపడి అడిగేదాన్ని."

మేడం ఆ చెయ్యి తీసేసింది. గుడ్డసంచీ గట్టు మీద ఖాళీగా పడి ఉంటే తీసుకెళ్ళి మేకుకి తగిలించింది. "చేప కూడా ఆ ఫోన్లోనే తెప్పించుకోండి, ఇంటికే" అని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున మేనకోడలు కాఫీ తెచ్చింది. మేడం అలవాటు కొద్దీ గ్లాసు ముక్కు దగ్గరికి తీసుకుంది. వేడి తగిలింది, ఆవిరి తగిలింది. ఘుమఘుమలాడుతోందే అన్న మాట నాలిక చివరికి వచ్చి నిలబడింది. పిల్ల అడుగుతుందేమోనని తలెత్తి చూసింది.

ఆ పిల్ల ఏమీ అడగలేదు. రాత్రి ఖాళీ చేసిన మంచినీళ్ళ చెంబు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.