కప్పు కింద ఆగిన ఊపిరి

మొన్న శుక్రవారం పొద్దున మా ఉస్తాద్ పోయాడు. పాలమూరు దవాఖాన నుంచి ఆయన బిడ్డ ఫోన్ చేసింది. "అన్నా, అబ్బా లేడు. ఎప్పుడు పోయిండో మాకే తెల్వలే. ఆక్సిజన్ సీసల నీళ్ళు బుడబుడ బుగ్గలు ఆడుతనే ఉండె. గవి చూసి మంచిగనే ఉన్నడనుకున్నం" అంది. ఆ బుగ్గల మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఎందుకో చెప్పాలంటే ముందు ఆయన పని గురించి చెప్పాలి.

మా ఉస్తాద్ నీళ్ళలో మునిగి పనిచేసే మనిషి. వయసులో ఉండగా ముంబై రేవులో ఆ పని నేర్చుకున్నాడు. ఆత్మకూర్‌కు తిరిగొచ్చి, కృష్ణ ఒడ్డున ఉన్న పంపుహౌసుల్లో నీటి అడుగు మరమ్మతులు చేసేవాడు. నేను నల్లగొండ వైపు మగ్గం నేసే ఇంటివాణ్ణి. తెలంగాణ వచ్చిన కొత్తలో, నలభై ఏళ్ళ వయసులో, మగ్గం వదిలి పని వెతుక్కుంటూ ఆయన పడవ ఎక్కాను. నా వేళ్ళు పట్టి చూసి, "పోగు తెగకముందే తెలుస్తది గద నీకు? గట్లయితే నా తాడు నువ్వే పట్టు తమ్మీ" అన్నాడు.

పడవ మీద తెల్ల టోపీ తీసి మడిచి జేబులో పెట్టుకుని, ఇత్తడి టోపీ పెట్టుకునేవాడు. మూడు వైపులా అద్దాలున్న ఆ పాత తలతొడుగును ఆయన టోపీ అనే అనేవాడు. పడవలోని కంప్రెసర్ గాలిని ఒక ట్యాంకులోకి కొడుతుంది. ఇంజన్ ఆగినా ఆ ట్యాంకులో కాసేపటికి సరిపడా గాలి ఉంటుంది. అక్కడి నుంచి గొట్టం గుండా గాలి టోపీ వెనక్కి చేరి, అద్దాల మీదుగా వీస్తుంది. పీల్చి వదిలిన గాలి, మిగిలిన గాలి, కుడి చెవి దగ్గరున్న వాల్వు లోంచి బుగ్గలై పైకి పోతుంది. ఆ వాల్వును ఎక్కువ బిగిస్తే ఒంటి మీది నీళ్ళు చొరని డ్రెస్సులో గాలి నిండి మనిషి పైకి తేలిపోతాడు. మరీ వదులు చేస్తే నీళ్ళ బరువు ఒంటిని పిండేస్తుంది. "వచ్చే తొవ్వ ఒకటి, పోయే తొవ్వ ఒకటి. రెండు సక్కగ నడిస్తే నడుమ నేనుంట" అనేవాడు.

గొట్టం టోపీలోకి చేరే చోట ఇంకో చిన్న వాల్వు ఉంటుంది. అది గాలిని లోపలికే రానిస్తుంది, వెనక్కి పోనివ్వదు. అది లేకుండా పైన గొట్టం తెగిందా, టోపీలోని గాలంతా వెనక్కి లాగేసుకుపోతుంది, దాంతోపాటు మనిషినీ. అందుకే దిగేముందు ప్రతిసారీ ఆ చోట నోరు పెట్టి పీల్చి చూసేవాడు. లోపల టక్కుమని మూసుకుంటేనే బిస్మిల్లా అని దిగేవాడు.

నాకు అప్పజెప్పిన పని ఆయన నడుముకు కట్టిన తాడు పట్టుకోవడం. నేను ఒకసారి లాగితే బాగున్నావా అని. ఆయన ఒకసారి లాగితే బాగున్నానని. ఆయనే ముందు లాగితే నేను బదులు లాగాలి. పైన మనిషి ఉన్నాడని కింద ఉన్నవాడికి తెలియాలి కదా.

ఒక ఎండాకాలం పంపుహౌసులో చెత్తను ఆపే జాలీ ఊడి నీళ్ళలో పడిపోయింది. అక్కడ అడుగున ఒక మునిగిన ఊరుంది. జాలీ కోసం వెతుకుతూ ఉస్తాద్ ఒక పాత గచ్చు ఇంట్లోకి దూరాడు. అది నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా బుగ్గలు ఆగిపోయాయని. నది అద్దంలా పరుచుకుంది. రెండు చేతులా తాడు లాగేశాను.

కాసేపటికి బుగ్గలొచ్చాయి, వాటి వెనక ఆయనా వచ్చాడు. నేను లాగిన లాగుడికి ఆ ఇంటి గడప రాతికి రాసుకుని గొట్టం లోపలి దారాల దాకా అరిగిపోయింది. బాగున్నానని చెప్పడానికి కింద నుంచి ఆయన మూడుసార్లు తాడు లాగాడట. నేను నీళ్ళు చూస్తూ పట్టించుకోలేదు. తిట్టినా బాగుండేది. టోపీ విప్పి, "బుగ్గలు నేను ఇడిసినయి. తాడు నేను పట్టుకున్నది. గీ రెండిట్ల నేను యాడున్న, జర చెప్పు?" అని అడిగాడు.

పడవలోనే జొన్నరొట్టె తింటున్నాం. ఉస్తాద్ నా ఎదురుగా ఉన్నాడు. అయినా ఆయన లేచొచ్చిన చోట బుగ్గలు వస్తూనే ఉన్నాయి. కాసేపు ఆగి, ఊపిరి తీసుకున్నట్టుగా, మళ్ళీ వస్తున్నాయి. నా చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. "అది నాదే" అన్నాడు ఆయన తల తిప్పకుండా. "ఇంటి కప్పు కింద ఆగింది. సందు దొరికినప్పుడల్లా వస్తది. నీళ్ళు తగ్గితే గాలి ఉబ్బి ఇంకింత వస్తది." ఆ తర్వాత ఎన్నేళ్ళు ఆ దారిన పోయినా ఆయన అటు చూడగా నేను చూడలేదు.

ఆయన పోయే ముందురోజు, గురువారం సాయంత్రం, దవాఖానకు వెళ్ళాను. మాస్కు ఉంది, మాట లేదు. నా తువ్వాల కొస ఆయన చేతిలో పడింది. ఒకసారి లాగాడు. నేను సీసాలోని బుగ్గల వైపు చూస్తున్నాను. నిద్రలో వేళ్ళు కదిలాయనుకున్నాను. "ఫికర్ చెయ్యకు చెల్లే, గాలి మంచిగనే పోతాంది" అని ఆయన బిడ్డకు ధైర్యం చెప్పి, తువ్వాల మెల్లగా విడిపించుకుని బస్సెక్కాను. ఇన్నేళ్ళు అన్నం పెట్టిన చెయ్యి అడిగిన ఒక్క మాటకు బదులివ్వలేదు. నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

శనివారం మిట్టమధ్యాహ్నం ఆ మునిగిన ఇంటి చోటికి పడవ వేసుకుని పోయాను. నీళ్ళు బాగా తగ్గాయి. బుగ్గలు వస్తున్నాయి. కాసేపు ఆగి మళ్ళీ వస్తున్నాయి. అడుగు బురదలోంచి ఎక్కడైనా వస్తాయని చదువుకున్నవాళ్ళు చెబుతారు. కావచ్చు. పాత తాడుకు రాయి కట్టి వదిలాను. అడుగు తగిలాక కళ్ళు మూసుకుని ఒకసారి లాగాను. గురువారం ఇవ్వాల్సిన బదులు అది.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత తాడు నా వేళ్ళలో బిగిసింది, ఒకే ఒక్కసారి. చేపో, రాయి దొర్లిందో. కళ్ళు తెరవలేదు. తాడు పట్టుకునే కూర్చున్నాను.